ఉప్పు – అయొడీను – అవటు గ్రంథి

శరీరపోషణకు కావలసిన ద్రవ్యములలో అన్నము, పప్పు, పాలు మొదలగునవి రోజునకు వందల గ్రాముల లెక్కలో కావలెను. ఇనుము వంటి ఖనిజములు మిల్లీగ్రాముల లెక్కలో చాలును. అయొడీను అను ద్రవ్యము అంతకంటెను స్వల్పముగా కావలసినది. ఒక గ్రామును పది లక్షల భాగములుగా విభజించినచో అందు ఒక భాగమునకు మైక్రోగ్రాము అని పేరు. ఎదిగిన మనుష్యునకు రోజునకు అట్టి మైక్రోగ్రాములు 150 చాలునని వైద్యశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. డెబ్బది సంవత్సరములు జీవించిన వ్యక్తి తన జీవితకాలమంతటికి కావలసిన అయొడీనును ఒకచోట కుప్పపోసి తూచినను నాలుగు గ్రాములు తూగదు. అది ఒక చిన్న చెంచాలో ఇమిడిపోవును. అయినను ఈ కొంచెము అందనియెడల పెద్దలకు గొంతువద్ద వాపు, బడలిక, బుద్ధిమాంద్యము కలుగును. గర్భములోని శిశువునకు మెదడే సరిగా ఎదుగదు. పోనీ, ఆ నాలుగు గ్రాములను ఒక్కమారు మ్రింగి జీవితమంతయు నిశ్చింతగా ఉందమన్న అదియును వీలుకాదు. అట్లు మ్రింగిన అది విషము. శరీరము దానిని కొద్దినెలలకు సరిపడునంత మాత్రమే నిలువచేసికొనగలదు. కావున ఇది అనుదినము భోజనముతో అందవలసిన ద్రవ్యము.

ఈ విషయము అందరికిని ముఖ్యమైనదే అయినను, శాకాహారుల గృహములలో దీనిని మరికొంత శ్రద్ధతో తెలిసికొనవలసి ఉన్నది. లోకములో అయొడీను విస్తారముగా గల ఆహారములు ఏవన, సముద్రపు చేపలు, సముద్రపు పాచి, గ్రుడ్లు, పాలు. ఇందు చేపలును గ్రుడ్లును జైన గృహముల గడప తొక్కవు. పాచియు నిషిద్ధములలోనిదే. పాలు, పెరుగు మిగిలినవి. కాని పాలలో అయొడీను ఎంత ఉండునది ఆ పశువు తిన్న మేతనుబట్టియు, త్రాగిన నీటినిబట్టియు మారుచుండును. ధాన్యములు, కూరగాయలు, పండ్లు తాము పెరిగిన నేలలో ఉన్నంత అయొడీనునే తెచ్చును. నేలలో లేనప్పుడు ఎంత శుద్ధమైన ఆహారమైనను అందు అది ఉండదు. కందమూలములను వర్జించుటవలన మాత్రము ఈ విషయములో నష్టమేమియు లేదు, వానిలో అయొడీను చెప్పుకోదగినంత ఉండదు. ఇక మిగిలిన నమ్మకమైన ఆధారము ఒక్కటే — ఉప్పు. అదియును ఏ ఉప్పు అనునదే ప్రశ్న.

కంఠమునకు ముందువైపున, గొంతుముడికి కొంచెము దిగువగా, శ్వాసనాళమును ఆనుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారములో ఒక గ్రంథి కలదు. దానినే అవటు గ్రంథి అనియు, థైరాయిడ్ గ్రంథి అనియు చెప్పుదురు. దాని బరువు సుమారు 15 మొదలు 25 గ్రాములు. శరీరములో ఉన్న అయొడీనులో నాలుగింట మూడువంతులవరకు ఈ చిన్న గ్రంథిలోనే ఉండును. రక్తములో కొట్టుకొనివచ్చు అయొడీనును ఇది పట్టి లోనికి లాగికొని, ఒక మాంసకృత్తుతో చేర్చి, థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. థైరాక్సిన్ అణువు ఒక్కొక్కదానిలో నాలుగు అయొడీను పరమాణువులు ఉండును. దానిలో ఒకటి తొలగినప్పుడు మూడు పరమాణువులు గల మరియొక హార్మోను ఏర్పడును. శరీరకణములలో ఎక్కువగా పనిచేయునది అదియే. ఇల్లు వెచ్చగా ఉంచు పొయ్యి వలె ఈ హార్మోనులు శరీరములో ఆహారము ఖర్చగు వేగమును, దేహపు వేడిని, గుండెకొట్టుకొను తీరును, పిల్లలలో ఎముకల ఎదుగుదలను, మెదడు వికాసమును క్రమపరచును.

ఈ గ్రంథిమీద అజమాయిషీ చేయునది మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి. రక్తములో థైరాక్సిన్ తగ్గినదని తెలిసినంతనే అది టి.ఎస్.హెచ్. అను హార్మోనును విడిచి, ‘ఇంకను పనిచేయుము’ అని అవటు గ్రంథిని ప్రేరేపించును. అయొడీను లేనిదే హార్మోను తయారుకాదు. ముడిసరకు లేని మగ్గమును ఎంత త్రొక్కినను వస్త్రము రాదు గదా! కాని ప్రేరణ ఆగదు. ఆ ప్రేరణకు గ్రంథి కణములు పెరిగి పెరిగి, గ్రంథియే ఉబ్బిపోవును. గొంతుపై కనిపించు ఈ వాపునకే గలగండము అని ప్రాచీన నామము. సుశ్రుతసంహితలో ఈ వ్యాధి వర్ణన కలదు. వాపు కనబడినంతమాత్రమున నొప్పి ఉండదు. అందుచేతనే పర్వతప్రాంతములలో తరతరములుగా దీనిని వ్యాధిగాక దేహలక్షణముగా భావించుచు వచ్చిరి. కంటికి కనబడు ఈ వాపు నిజమునకు చిన్న నష్టము, కనబడనిది పెద్దది. గర్భము ధరించిన మొదటి నెలలలో శిశువునకు సొంత గ్రంథి పనిచేయదు. ఇంచుమించు గర్భకాలము సగము గడచువరకు శిశువు మెదడు తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడును. తల్లికి తీవ్రమైన అయొడీను లోపమున్నచో గర్భస్రావము, మృతశిశు జననము, పుట్టిన బిడ్డకు చెవుడు, మూగతనము, పొట్టిదనము, బుద్ధిహీనత సంభవించును. లోపము స్వల్పమే అయినచో బిడ్డ చూచుటకు ఆరోగ్యముగానే ఉండును గాని, బడిలో పాఠము పట్టుకొను శక్తి కొంత తగ్గును. ఈ నష్టమును పుట్టిన తరువాత పూర్తిగా సరిదిద్దు ఔషధము లేదు. మెదడునకు కలుగు నివారింపదగిన హానులలో లోకమునందెల్ల అత్యధికమైనది అయొడీను లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అయొడీను కథ ఒక పొరపాటుతో ప్రారంభమైనది. 1811లో ఫ్రాన్సు దేశములో బెర్నార్డ్ కూర్ట్వా అను పెటలుప్పు తయారీదారు సముద్రపు పాచి బూడిదతో పనిచేయుచు, పాత్రలో గంధకామ్లమును మోతాదు మించి పోసెను. ఊదారంగు పొగలు లేచి, చల్లనిచోట మెరయు నల్లని స్ఫటికములై పేరుకొన్నవి. ఆ ఊదారంగును సూచించు గ్రీకుపదమునుండియే అయొడీనునకు ఆ పేరు కలిగినది. 1820లో జెనీవా వైద్యుడు కువాండే దీనిని గలగండమునకు ఔషధముగా ఇచ్చెను. వాపులు తగ్గినవి, అయితే మోతాదు మించినవారికి గుండెదడ, చిక్కిపోవుట, చేతులు వణకుట మొదలైనవి వచ్చి నగరములో గొప్ప అలజడి రేగినది. అమృతమైనను అతిగా తగదను మాట అయొడీను విషయమున మొదటి దినములలోనే తేలిపోయినది. తరువాత బూసాంగో అను శాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికా పర్వతములలో తిరుగుచు, కొన్ని ఊటల ఉప్పు తిను గ్రామములలో గలగండము లేదనియు, ఇతరత్ర విస్తారమనియు గమనించి, అయొడీను గల ఉప్పును ప్రజలకు పంచవలెనని సూచించెను. ఆ సూచన ఆచరణలోనికి వచ్చుటకు దాదాపు నూరు సంవత్సరములు పట్టినది. 1895లో జర్మనీలో బౌమన్ అవటు గ్రంథిలోనే అయొడీను ఉన్నదని నిరూపించెను. 1917 మొదలు అమెరికాలోని ఆక్రన్ పట్టణమున మెరీన్, కింబాల్ అను వైద్యులు బడిపిల్లలకు అయొడీను ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చి చూచి, ఫలితమును నిస్సందేహముగా చూపిరి. 1922లో స్విట్జర్లాండులోను, 1924లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రములోను అయొడీను కలిపిన ఉప్పు అంగళ్ళకు వచ్చెను.

మన దేశములో ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించినవారిలో ఒకడు రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో గిల్గిట్ ప్రాంతమున పనిచేయుచు, ఒకే కాలువ వెంబడి పైనుండి క్రిందికి గ్రామములు వరుసగా ఉండగా, క్రిందికి పోవుకొలది గలగండము హెచ్చుట చూచి, నీటి మాలిన్యమే దీనికి హేతువని తలచెను. ఆ సిద్ధాంతము పూర్తిగా నిలువలేదు. కాని ఆయన తరువాత నీలగిరులలోని కూనూరులో స్థాపించిన పోషకాహార పరిశోధనశాల నిలిచినది. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతో వ్యవహరింపబడుచున్నది.

ఆ కూనూరు పరిశోధనశాలలోనే కొంతకాలము పనిచేసిన ఒక తెలుగు వైద్యుడు ఈ సమస్యకు భారతదేశములో పరిష్కారము చూపెను. ఆయన వులిమిరి రామలింగస్వామిగారు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అనంతరము ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 1969 మొదలు 1979 వరకు సంచాలకులుగాను, పిమ్మట భారత వైద్య పరిశోధన మండలికి మహా సంచాలకులుగాను పనిచేసి, 2001లో పరమపదించిరి. 1956లో ఆయనయు సహచరులును హిమాలయ పాదములలోని కాంగ్డా లోయలో ప్రారంభించిన ప్రయోగము వైద్యచరిత్రలో ప్రసిద్ధమైనది. కాంగ్డా అప్పుడు పంజాబు రాష్ట్రములోనిది. 1966లో హిమాచల ప్రదేశమున చేరినది. లక్షమందికి పైగా జనులున్న ఆ ప్రాంతమును మూడు మండలములుగా విభజించిరి. మూడింటను జనులలో సుమారు 38 శాతమునకు గలగండము ఉండెను. మొదటి మండలమునకు పొటాషియం అయొడైడు కలిపిన ఉప్పు, మూడవ మండలమునకు పొటాషియం అయొడేటు కలిపిన ఉప్పు పంపిరి. నడిమి మండలమునకు సాదా ఉప్పే పోయినది. తినువారి అలవాటులో ఏ మార్పును లేదు. కూరలో వేసికొను ఉప్పు ఎప్పటిదే. ఆరు సంవత్సరముల తరువాత చూడగా, అయొడీను అందిన రెండు మండలములలోను వ్యాధి సగమునకును అంతకు లోపునకును దిగినది. సాదా ఉప్పు తిన్న మండలములో ఉన్నది ఉన్నట్లే ఉండెను. ఫలము తేలిన పిదప ఆ మండలమునకును అయొడీను ఉప్పు పంపిరి. అక్కడను తగ్గుముఖము పట్టినది.

ఈ ప్రయోగమువలన మరియొక ఉపయోగకరమైన సంగతియు స్థిరపడినది. అయొడైడు చౌకయే గాని మన దేశపు వేడికిని తేమకును, శుద్ధిచేయని ఉప్పులోని మలినములకును తాళలేక ఎగిరిపోవును. అయొడేటు నిలుచును. నేడు మన అంగళ్ళలో దొరకు అయొడీను ఉప్పు పొట్లములలో ఉన్నది ఈ అయొడేటే. కాంగ్డా ఫలితములు వెలువడిన 1962లోనే భారత ప్రభుత్వము జాతీయ గలగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. ఆ వ్యాధి హిమాలయములకే పరిమితమని మొదట తలచిరి. తరువాత ఇతర ప్రాంతములలో 14 జిల్లాలను పరీక్షింపగా అచ్చటను ఇంచుమించు 21 శాతమందికి వాపు కనబడెను. వరదలును వానలును పైమట్టిని కడిగివేయుచున్నచోట్ల నేలలో అయొడీను నిలువదు. ఇది కొండలకు మాత్రమే చెందిన దోషము కాదు. అందువలన దేశమంతటను తిను ఉప్పులో అయొడీను కలుపవలెనని 1980ల నడిమి సంవత్సరములలో నిశ్చయించిరి. ఈ నిబంధన 1998లో అమలునకు వచ్చి, 2000లో కేంద్రము సడలించి, తిరిగి 2006 మే నుండి ఖాయము చేసినది. గృహమునకు చేరు ఉప్పులో పదిలక్షల వంతులకు 15 వంతులకు తగ్గక అయొడీను ఉండవలెను.

ఇప్పుడు గృహిణులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి. ‘ఉప్పు సముద్రమునుండియే గదా వచ్చుట? సముద్రములో అయొడీను ఉన్నదందురు. మరి విడిగా కలుపుట ఎందులకు? తూత్తుకుడి కళ్ళుప్పు, నౌపడ ఉప్పు, గంజాం ఉప్పు చాలవా?’ ఇది సమంజసమైన ప్రశ్నయే. దీనికి మాటలతోగాక లెక్కతో సమాధానము చెప్పవచ్చును. ఒక లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు, 60 మైక్రోగ్రాముల అయొడీను ఉండును. ఆ అయొడీను అంతయు మడిలో ఉప్పుతోపాటే మిగిలినదని అనుకొన్నను, ఒక గ్రాము ఉప్పునకు రెండు మైక్రోగ్రాములైనను రాదు. పది గ్రాముల ఉప్పు తిన్నను ఇరువది మైక్రోగ్రాములు దాటదు. కావలసినది 150. నిజమునకు ఎండబెట్టునప్పుడు అందులోను కొంత పోవును. అయొడీను కలిపిన ఉప్పులో కనీసపు పాలు ఉన్నను గ్రామునకు 15 మైక్రోగ్రాములు లభించును. ఈ రెండింటికి గల అంతరము ఇంత స్పష్టముగా ఉండగా, కళ్ళుప్పు సహజమైనది కనుక శ్రేష్ఠమను వాదము నిలువదు. సముద్రతీరమున నివసించువారు చేపలు తినుటచే అయొడీను పొందుదురు గాని, సముద్రపుగాలి పీల్చుటచే గాదు. యానాములోను గంజాములోను నివసించు శాకాహారికి సముద్రము ప్రక్కనే ఉన్నంతమాత్రమున ఒరుగునది లేదు.

సైంధవ లవణము విషయము మరింత ఆలోచింపదగినది. ఇది పంజాబులోని గనులనుండి వచ్చు రాతి ఉప్పు. నేడు పాకిస్తానులో ఉన్న ఖేవ్డా గనులు దీనికి ప్రసిద్ధము. ‘హిమాలయ గులాబి ఉప్పు’ అని రంగురంగుల డబ్బాలలో హెచ్చు ధరకు అమ్ముచున్నదియు ఇదే. దీనియందు సహజముగా అయొడీను ఉన్నది నామమాత్రము. వ్రతదినములలో సైంధవమునే వాడుట ఉత్తర భారతములోను, జైన గృహములలోను పూర్వమునుండి కలదు. వ్రతమునకు వాడుటవేరు, సంవత్సరము పొడుగున అదియే వాడుటవేరు. అవటు గ్రంథిలో రెండు మూడు నెలలకు సరిపడు నిల్వ ఉండును. కావున పర్యూషణపు ఎనిమిది దినములుగాని, దశలక్షణ పర్వపు పది దినములుగాని, ఆయంబిలు ఓలి తొమ్మిది దినములుగాని సైంధవము వాడినను, అసలు ఉప్పే మానినను ఆరోగ్యవంతులైన పెద్దల థైరాయిడునకు కొరత రాదు. బాహ్యతపస్సులలో ఒకటైన రసపరిత్యాగమున పాలు, పెరుగు, నేయి, నూనె, తీపి, ఉప్పు అను ఆరింటిలో ఒకదానినో కొన్నింటినో వర్జింతురు. వంతులవారీగా చేయు ఈ నియమముతో గ్రంథికి ప్రమాదము లేదు. చాతుర్మాస్యము నాలుగు నెలలును ఉప్పుగాని, పాలుగాని రెండును మానువారు మాత్రము గ్రంథి నిల్వ అంతకాలము రాదని గుర్తుంచుకొనవలెను. గర్భిణులకును, బిడ్డకు పాలిచ్చు తల్లులకును ఇట్టి దీర్ఘనియమము తగదు. వారికి రోజునకు 250 మైక్రోగ్రాములు కావలెను. వారి నియమము ఫలితమును మరియొక ప్రాణి అనుభవించును. అహింసను పరమధర్మముగా నెంచు గృహములో ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

భూమినుండి తీసిన పచ్చి ఉప్పు పృథ్వీకాయ జీవములతో కూడినదను భావముతో, దానిని కాల్చి అచిత్తముగా చేసిన పిదపనే వాడు ఆచారము కొందరిలో కలదు. ఇందు అయొడీను ఏమగును? అయొడేటు మామూలు వంటవేడిని చాలవరకు ఓర్చుకొనును. ఉడుకునప్పుడు కొంతభాగము, సుమారు ఐదవవంతు, తరుగునని లెక్కలు వేసికొని, ఆ తరుగును కలుపుకొనియే ఉప్పులో అయొడీను పాలు నిర్ణయించినారు. పెనముమీద కొంచెముసేపు వేయించుట వేరు. బట్టీలో ఎఱ్ఱగా కాల్చుట వేరు. అంతటి మంటలో అయొడేటు విచ్ఛిన్నమగును. పైగా అట్లు కాల్చుటకు తీసికొనునది తరచుగా అయొడీను లేని ముడి ఉప్పే. కాల్చిన ఉప్పునే వాడవలెనను నియమము గలవారు అయొడీను కలిపిన ఉప్పును తెచ్చి, సన్నని సెగమీద వేయించుకొనిన ఆచారమునకును లోపము రాదు, ఆరోగ్యమునకును రాదు. అయొడీను ఉప్పులో జంతుసంబంధమైనది ఏదైన కలదేమో యను శంక కొందరికి కలదు. ఈ శంకకు ఆధారము లేదు. నేటి అయొడీను చాలవరకు చిలీ దేశపు ఖనిజ నేలలనుండియు, జపానులో భూగర్భములోని ఉప్పునీటినుండియు తీయబడునది.

వంటింటి సంగతులు మరి రెండు. ఆవకాయ, మాగాయలకు అయొడీను ఉప్పు వేసినచో నల్లబడును, చెడిపోవును అను ప్రచారము తెలుగువారిలో బలముగా ఉన్నది. ఉప్పులో ఉన్న అయొడేటు అత్యల్పము. దానివలన పచ్చడి చెడదు. నిలువ పచ్చళ్ళకు మర్యాదాకాలము పాటించు జైన గృహములలో ఈ బెడద అంతగా లేదనుకొనుడు! అయినను పచ్చడికని కొన్న బస్తా కళ్ళుప్పునే సంవత్సరమంతయు పప్పులోను పులుసులోను వేయుట మాత్రము చాల ఇండ్లలో కలదు. రెండవది, పొట్లము విప్పి మూతలేని గిన్నెలో పొయ్యి ప్రక్కన ఉంచిన ఉప్పులో తేమ చేరి అయొడీను క్రమముగా తగ్గును. మూత బిగువుగా నుండు సీసాలోనో జాడీలోనో పొడి స్థలమున ఉంచి, వంట దించబోవు ముందు ఉప్పు వేయుట మంచిది. ఉప్పు కడిగి వాడు అలవాటున్నచోట కలిపిన అయొడీను కడుగునీటితోనే పోవును.

క్యాబేజీ, కాలీఫ్లవరు, ఆవాలు, కర్రపెండలము, సజ్జలు అవటు గ్రంథి పనికి అడ్డు తగులు ద్రవ్యములు గలవి. ఇవి అయొడీను లోపమున్నవారికే చెరుపు చేయును. అయొడీను చాలినంత తినువారు వండిన క్యాబేజీని గూర్చి భయపడనక్కరలేదు. సజ్జరొట్టె నిత్యాహారముగా గల మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక ప్రాంతములవారు రొట్టె మానవలసినది కాదు, ఉప్పు సంగతి చూచుకొనవలసినది. పొగాకు పొగయు అయొడీను గ్రంథికి చేరకుండ అడ్డగించును.

ఇక అతి. జపానులో హొక్కైడో తీరమున సముద్రపు పాచిని విపరీతముగా తిను జాలరులలో అయొడీను హెచ్చుటవలననే గలగండము వచ్చినట్లు కనుగొన్నారు. అయొడీను ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు గ్రంథి తనను తాను కాపాడుకొనుటకై హార్మోను తయారీని కొంతకాలము ఆపివేయును. ఈ సంగతిని 1948లో వోల్ఫ్, చైకాఫ్ అనువారు కనుగొనిరి. ఆరోగ్యవంతులలో గ్రంథి మరల దారికి వచ్చును. కొందరిలో రాదు. చిరకాలము లోపముతో గడపి, గ్రంథిలో గడ్డలు కట్టిన వృద్ధులకు అయొడీను హఠాత్తుగా హెచ్చినచో హార్మోను మితిమీరి, గుండెదడ పుట్టును. ఉప్పుద్వారా అందునది ఇంతటి హానికరమైన పరిమాణము గాదు. ఐదారు గ్రాముల ఉప్పులో నూరు నూటయేబది మైక్రోగ్రాములకంటె మిక్కిలి మించదు. ‘శాకాహారులకు సహజ అయొడీను’ అని పాచితో చేసి అమ్ము బిళ్ళలతోనే జాగ్రత్త. వానిలో ఒక్కొక్క బిళ్ళకు ఎంతెంత ఉండునది నిలకడ లేదు. వైద్యుని సలహా లేక వానిని మ్రింగరాదు. మరియొక ముఖ్యవిషయము: అయొడీను కొరకని ఉప్పు ఎక్కువగా తినుట తెలివితక్కువ. రక్తపుపోటునకు ఉప్పు తగ్గింపుమని వైద్యులు చెప్పినవారు తగ్గింపవలసినదే. తినెడు కొంచెము అయొడీను గలదై ఉండిన చాలును.

నేడు పట్టణములలో, ముఖ్యముగ స్త్రీలలో, ‘థైరాయిడ్ ఉన్నది’ అని వినని ఇల్లు లేదు. వీరిలో చాలమందికి వ్యాధిహేతువు అయొడీను లోపము గాదు. శరీరరక్షణకు ఏర్పడిన శక్తులే పొరపడి తన గ్రంథిని తామే దెబ్బతీయు ఒక వ్యాధి కలదు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో దీనిని వర్ణించెను. దీనికి ఉప్పు మార్చిన గుణము రాదు. ‘థైరాయిడ్ వచ్చినది గనుక అయొడీను ఉప్పు మానితిని’ అని సైంధవమునకు మారువారును, ‘థైరాయిడ్ వచ్చినది గనుక అయొడీను బిళ్ళలు వేసికొనుచున్నాను’ అనువారును ఇద్దరును పొరబడినవారే. ఆ వ్యాధికి మందు థైరాక్సిన్ బిళ్ళ. 1891లో ఇంగ్లండు వైద్యుడు ముర్రే గొర్రె గ్రంథి రసముతో ఈ చికిత్సను ఆరంభించినందునను, తరువాత చాలకాలము పంది గ్రంథులను ఎండబెట్టి పొడిచేసి వాడినందునను, జైనులు ఈ మందు పేరు విని వెనుకాడుట సహజము. కాని 1927లోనే హారింగ్టన్, బార్జర్ అనువారు థైరాక్సినును రసాయనశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. నేడు మన వైద్యులు మామూలుగా వ్రాయునది ఆ కృత్రిమ ద్రవ్యమే, జంతువునుండి తీసినది కాదు. బిళ్ళ గట్టిపడుటకు కలుపు ఇతర పదార్థములలో పాల చక్కెర మొదలైనవి ఉండవచ్చును. సందేహమున్నవారు మందు తయారీదారుని అడిగి తెలిసికొనవచ్చునేగాని బిళ్ళ మానరాదు. దానిని ఉదయము పరగడుపున నీటితో వేసికొని, అరగంటయో గంటయో గడచిన పిదప పాలు కాఫీలు త్రాగవలెను. ఇనుము, సున్నపు బిళ్ళలకు నాలుగు గంటల ఎడము ఉండవలెను. సోయా ఆహారము ఆ మందు ఒంటబట్టుటను తగ్గించును. సూర్యాస్తమయముతో భోజనము ముగించు ఇండ్లలో పరగడుపు నియమము పాటించుట ఇతరులకంటె సులభమే. ఉపవాసదినమునను ఈ బిళ్ళ మానవచ్చునా అని అడుగువారు ముందుగా వైద్యునితో మాటాడుకొనవలెను. గర్భిణులు మాత్రము ఒక్క దినమైనను మానరాదు.

దేశమంతటను 2018–19లో జరిగిన అయొడీను సర్వేలో నూటికి 76 ఇండ్లలో తగినంత అయొడీను గల ఉప్పు కనబడినది. ఇది గొప్ప విజయమే. అయితే రాష్ట్రములవారీగా చూచిన అట్టడుగున నున్నది తమిళనాడు, 61.9 శాతము; దానికి పైన ఆంధ్రప్రదేశ్, 63.9 శాతము, అట్టడుగు అయిదింటిలో ఒడిశాయు కలదు, 65.8 శాతము. హిమాలయములకు దూరమున, ఉప్పుమడులకు దగ్గర నున్న రాష్ట్రములే వెనుకబడుట వింతగా తోచవచ్చును. కాని కారణమును ఊహించుట కష్టము గాదు. మడి ప్రక్కనే ఉప్పు బస్తాలలో చౌకగా దొరకును. పొట్లము, ముద్ర, అయొడీను ఇవి ఏవియు లేకుండ అది అంగడికి చేరిపోవును. తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్న తీరప్రాంతములు పెక్కు వీనిలోనివే.

ఇంటిలోని ఉప్పులో అయొడీను ఉన్నదో లేదో కంటికిగాని నాలుకకుగాని తెలియదు. రుచిలోను వాసనలోను భేదము లేదు. పొట్లముపై అయొడీను ఉప్పు అని వ్రాసియున్నదా, తయారైన తేదీ ఏది, నవ్వుచున్న సూర్యుని గుర్తు కలదా అని చూడవలెను. విడి ఉప్పును పరీక్షించుటకు ఆరోగ్యశాఖవారివద్దను, ఆశా కార్యకర్తలవద్దను చిన్న పరీక్ష సీసాలు ఉండును. పళ్ళెములో ఒక చెంచా ఉప్పు పరచి, ఆ సీసాలోని ద్రవమును ఒక చుక్క వేసినచో, అయొడేటు ఉన్న ఉప్పు వెంటనే నీలి ఊదారంగునకు మారును. రంగు గాఢమైనకొలది అయొడీను ఎక్కువ. ఉప్పు తెల్లగానే ఉండిపోయినచో అది సాదా ఉప్పు.